హారం ఎవరిది?

లండన్ చేరిన నాలుగో రోజున మా చెల్లెలి కూతురు నా ఫోనుకు ఒక ఛాయాచిత్రం పంపింది. ముదురు నీలం దుస్తులలో ఒక రాజకుటుంబ స్త్రీ. ఆమె మెడలో తెల్లగా మెరిసే వజ్రాల హారం. కింద నాలుగు ముక్కలు రాసింది: "పెద్దఖాలా, దీన్ని నిజాం హారం అంటారట. మీరు అక్కడే ఉన్నారు కదా, ఎక్కడైనా కనిపిస్తే పనితనం ఎలా ఉందో చూసి చెప్పండి. నా నిఖాకు ఇదే నమూనాలో తెల్లరాళ్లతో ఒకటి చార్మినార్ దగ్గర చేయించుకుంటాను."

ఆ పిల్ల నిఖా రెండు నెలల్లో ఉంది. అసలు వజ్రాలు అడగలేదు, మెరుపురాళ్లు చాలునన్నది. మా ఇళ్లలో ఆడపిల్లలు కోరే కోరికలలో ఇది చిన్నదే. "చూస్తాను బిడ్డా, ఇన్షా అల్లాహ్" అని జవాబిచ్చాను. ఆ ఒక్క మాట కోసం వారం రోజులు లండన్‌లోనూ దాని పరిసరాలలోనూ తిరిగాను.

ఆ చిత్రం ఎక్కడిదో మా మనవరాలు క్షణంలో కనిపెట్టింది. దానికి పదకొండేళ్లు. పుట్టింది గుంటూరులోనే అయినా పెరిగింది ఇక్కడే. 2014 ఫిబ్రవరిలో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో జరిగిన ఒక వేడుకకు కేథరిన్ ఆ హారం ధరించి వెళ్లారు. అప్పటికామె కేంబ్రిడ్జ్ డచెస్. ఇప్పుడు వేల్స్ యువరాణి, చార్లెస్ రాజు పెద్దకోడలు. 2019 డిసెంబరులో బకింగ్‌హామ్ రాజసౌధంలో విదేశీ రాయబారులకు ఇచ్చిన విందులోనూ అదే హారం ఆమె మెడలో కనిపించింది.

"అయితే ఆ గ్యాలరీకే పోదాం" అన్నాను.

ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కనే ఉంది ఆ చిత్రశాల. లోపలికి వెళ్లడానికి రుసుము లేదు. గోడల నిండా రాజులు, రాణులు, మంత్రులు, కవులు. మొదటి ఎలిజబెత్ రాణి నిలువెత్తు చిత్రం ముందు చాలాసేపు నిలుచున్నాను. మెడ నిండా, జుట్టు నిండా, దుస్తుల నిండా ముత్యాలే. ఆ రాణి పోయి నాలుగు శతాబ్దాలు దాటింది. చిత్రకారుడు మాత్రం ఆమె ముఖం మీద ఎంత శ్రద్ధ పెట్టాడో ముత్యాల మీద కూడా అంత శ్రద్ధా పెట్టాడు. నగ అంటే అలంకారం ఒక్కటే కాదని, అధికారాన్ని చూపించే పద్ధతి కూడానని ఆ చిత్రం చూస్తే తెలుస్తుంది.

హారం మాత్రం అక్కడ లేదు. అది ప్రదర్శనలో ఉండే వస్తువు కాదు. రాజకుటుంబపు నగలలో రకాలున్నాయని మా అల్లుడు వివరించాడు. పట్టాభిషేకానికి సంబంధించిన కిరీటాలు, రాజదండాలు దేశానివి. వాటిని లండన్ టవర్ కోటలో అందరూ చూడవచ్చు. కొన్ని నగలు ఒక రాజు నుంచి మరొక రాజుకు సింహాసనంతో పాటు సంక్రమిస్తాయి. మిగిలినవి వారి సొంత నగలు. కేథరిన్ వేలికి ఉన్న నీలపు ఉంగరం ఆమె సొంతం. పన్నెండు కేరట్ల సింహళ నీలం, చుట్టూ వజ్రాలు. 1981లో డయానా నిశ్చితార్థానికి కొన్నది. 2010లో విలియమ్ దానినే ఈమె వేలికి తొడిగారు. కాని పెద్ద విందులలో ఆమె తల మీద, మెడలో కనిపించే ఘనమైన నగలు చాలావరకు ఎరువు తెచ్చుకున్నవే. మేరీ రాణి చేయించుకున్న ముత్యాల శిరోభూషణం అలాంటిది. ఈ నిజాం హారమూ అలాంటిదే. మొదట రెండో ఎలిజబెత్ రాణి అరువిచ్చారు.

ఎరువుల సొమ్ము బరువుల చేటు అని మన పెద్దలు ఊరికే అనలేదు. వేడుక ముగియగానే లెక్కచూసి, ఉన్నది ఉన్నట్టు పెట్టెకు చేర్చవలసిందే. లోకమంతా కళ్లార్పకుండా చూసే యువరాణికి సైతం మెడలోని హారం ఆ రాత్రికి అమానతే.

మర్నాడు మా అమ్మాయి నన్ను న్యూ బాండ్ వీధికి తీసుకువెళ్లింది. ఆ వీధిలో 175వ నంబరు భవనం కార్టియే వారి నగల దుకాణం. నిజాం హారం కథలో ఆ దుకాణానికి పెద్ద పాత్ర ఉంది. 1947 నవంబరు 20న ఎలిజబెత్ యువరాణి వివాహం జరిగింది. పెళ్లి కానుకగా ఏమివ్వాలో హైదరాబాదు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తానుగా నిర్ణయించలేదు. లండన్‌లోని కార్టియే వారికి కబురు పంపి, యువరాణి ఏది కోరుకుంటే అది ఇవ్వవలసిందని చెప్పారు. ఇరవై ఒక్క ఏళ్ల పెళ్లికూతురు రెండు వస్తువులు ఎంచుకుంది: పూల ఆకృతిలో వజ్రాలు పొదిగిన ఒక శిరోభూషణం, ప్లాటినంలో కూర్చిన ఒక హారం.

ఆ హారంలో ముప్పై ఎనిమిది వజ్రాలు గొలుసులాగా మెడను చుట్టి వస్తాయి. మధ్యలో నలుచదరపు చెక్కడం పనితో పదమూడు వజ్రాలు, వాటి కింద బొట్టులాగా వేలాడే మరొక వజ్రం. పటాన్ని పెద్దది చేసి చూస్తే రాయికీ రాయికీ మధ్య లోహం దాదాపు కనిపించదు. రాళ్లే ఒకదాని చేయి ఒకటి పట్టుకున్నట్టుంటాయి. మా చెల్లెలి కూతురికి ఈ సంగతి రాశాను: "బిడ్డా, దీని అందమంతా లోహం కనిపించకపోవడంలో ఉంది. నీ కంసాలికి అదే చెప్పు."

1952లో ఆమె రాణి అయిన తరువాత డొరొతీ వైల్డింగ్ అనే ఛాయాచిత్రకారిణి అధికారిక చిత్రాలు తీసింది. వాటిలో రాణి మెడలో ఉన్నది నిజాం హారమే. ఆ చిత్రాల వరుస నుంచే తపాలా బిళ్ళల మీది బొమ్మ తయారైంది.

శిరోభూషణం కథ వేరు. 1973లో దాన్ని విప్పించి, ఆ వజ్రాలతో గరార్డ్ సంస్థ చేత మరొకటి చేయించుకున్నారు. బర్మా ప్రజలు అదే పెళ్లికి కానుకగా పంపిన తొంభై ఆరు కెంపులను అందులో పొదిగారు. మనిషికి వచ్చే తొంభై ఆరు రోగాల నుంచి ఆ తొంభై ఆరు కెంపులు కాపాడతాయని వారి నమ్మకమట. కాపాడేవాడు అల్లాహ్ ఒక్కడే అన్నది మన విశ్వాసం. 2023 నుంచి ఆ శిరోభూషణం కమిలా రాణి తల మీద కనిపిస్తున్నది. హైదరాబాదు వజ్రం, బర్మా కెంపు ఒకే చోట చేరాయి. ఏది ఎక్కడినుంచి వచ్చిందో చూసేవారిలో ఎందరికి తెలుసు?

హారం చూడలేకపోయాను. దానికి దాయాదుల వంటి రాళ్లనైనా చూద్దామని శనివారం నాడు లండన్ టవర్‌కు బయలుదేరాము. థేమ్స్ నది ఒడ్డున తొమ్మిది వందల ఏళ్లకు పైగా నిలిచిన కోట అది. లోపలి ప్రాంగణంలో వాటర్‌లూ బ్యారక్స్ అనే పొడవాటి రాతి భవనంలో రాజాభరణాలు ఉంచారు. ఫోటోలు తీయడం నిషిద్ధం. కిరీటాల ముందు నిలబడిపోతే వెనకవారికి దారి ఉండదని కాబోలు, కదిలే బాట ఏర్పాటు చేశారు. కాళ్లు కదపకపోయినా మనల్ని ముందుకు తీసుకుపోతుంది. అటు ఆఫ్రికా నుంచి వచ్చిన 530 కేరట్ల కల్లినన్ వజ్రం రాజదండం కొనన ఉంది. ఇటు 2,868 వజ్రాల రాజకిరీటం. ఇరవై మూడు వేల రత్నాలకు పైగా ఉన్న ఆ భవనంలో నా కళ్లు వెతికింది ఒక్క రాయినే.

1937లో నేటి రాజు అమ్మమ్మ కోసం చేయించిన కిరీటం ముందుభాగంలో ఉంది కోహినూర్. 105.6 కేరట్లు. అరచేతి గుంటలో ఇమిడిపోయే రాయి. చుట్టూ ఉన్న ఘనమైన వస్తువుల మధ్య అది నిజానికి చిన్నదిగానే కనిపించింది. 186 కేరట్లు ఉన్నదాన్ని 1852లో లండన్‌లో మళ్లీ సానబట్టించి ఇంత చేశారు.

మా పుట్టిల్లు సత్తెనపల్లి. అక్కడికి కొద్ది దూరంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు అనే ఊరుండేది. కోహినూర్ ఆ గనులలోనే పుట్టిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ గనిని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ అరవై వేలమంది పనిచేసేవారని రాశాడు. మగవారు తవ్వేవారు, ఆడవారూ పిల్లలూ మట్టి మోసేవారు. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రెజిల్‌లో వజ్రాలు దొరికే వరకు ప్రపంచంలోని పేరున్న వజ్రాలకు మన నేలే పుట్టినిల్లు. ఇప్పుడు కొల్లూరు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. మట్టి మోసిన ఆ తల్లుల పేర్లు ఏ కిరీటం పక్కనా రాసి లేవు.

కదిలే బాట దిగగానే మనవరాలు నా చేయి లాగింది.

"నానీ, ఇది మనదే కదా?"

"మన నేలలో పుట్టింది. తరువాత ఎన్నో చేతులు మారింది. మొగల్ పాదుషాల దగ్గర ఉండేది. 1739లో నాదిర్‌షా ఢిల్లీని దోచి పట్టుకుపోయాడు. ఆ పైన కాబూలు, ఆ పైన లాహోరు. 1849లో పంజాబు ఓడిపోయినప్పుడు పదేళ్ల బాలుడు దులీప్ సింగ్ చేత సంతకం చేయించుకుని ఇంగ్లీషువారు తీసుకున్నారు."

"నాకంటే చిన్నవాడా?"

"నీకంటే ఒక ఏడాది చిన్న."

అది కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది: "అయితే నిజాం హారం కూడా అలాగే తీసుకున్నారా?"

"లేదమ్మా. అది కానుక. ఆయన ఇచ్చాడు, ఆమె పుచ్చుకుంది. దాన్ని మనం అడగడానికి లేదు."

"ఆయన ఎవరి డబ్బుతో ఇచ్చాడు?"

పిల్లలు మర్యాద కోసం ప్రశ్నను మధ్యలో ఆపరు. నాకు వెంటనే జవాబు తోచలేదు. "మీ అమ్మ ఐస్‌క్రీము కొనిస్తానంది, పద" అని మాట మార్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా తరంవారికి నిజాం అనగానే రెండు కథలు వినిపిస్తాయి. మొదటిది మా ఇళ్లలో వినేది. 1937లో అమెరికా పత్రిక ఒకటి ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది. అంత ధనం ఉండీ నేతగుడ్డలు కట్టి, పాత టోపీ పెట్టుకుని తిరిగేవారని, 184.75 కేరట్ల జేకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా ఉంచుకునేవారని చెప్పుకునేవారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఉస్మానియా ఆస్పత్రి, నిజాంసాగర్, ఉస్మాన్‌సాగర్ ఆయన కాలంలోనివే. ఇవి కళ్లకు కనిపించే మేళ్లు. కాదనడానికి లేదు.

రెండోది తెలంగాణ పల్లెలలో వినేది. భూమి శిస్తు, జాగీరుదార్ల వసూళ్లు, దొరల గడీలు, వెట్టిచాకిరి. నిజాం సొంత ఖర్చుకు సర్ఫ్-ఎ-ఖాస్ పేరుతో ప్రత్యేకంగా ఊళ్లకు ఊళ్లే ఉండేవి. వాటి రాబడి ప్రభుత్వ ఖజానాకు కాక నేరుగా ఆయనకే పోయేది. 1949లో గాని దాన్ని ప్రభుత్వంలో కలపలేదు. పెళ్లికానుక పంపిన 1947 నవంబరులో నల్లగొండ, వరంగల్ పల్లెలలో రైతులు తిరుగుబాటు చేస్తున్నారు. వారి పొలంలో పండిన గింజకూ, న్యూ బాండ్ వీధిలో కొన్న వజ్రానికీ మధ్య దూరం ఎంతో ఎక్కువ. కాని వాటిని కలిపే తాడు ఒకటి ఉంది.

పాలకుని చేతిలోని ధనం అమానత్ అని మన ధర్మం చెబుతుంది. ఖలీఫా ఉమర్ (రజి) ప్రజాధనం విషయంలో చూపిన జాగ్రత్తను చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాము. ఆ తూనికలో పెడితే ఈ హారం ఎటు మొగ్గుతుందో తీర్పు చెప్పడానికి నేను న్యాయమూర్తిని కాను. కాని మన పూర్వులు అని చెప్పుకునేవారి ఘనతను మాత్రమే చెప్పి, రైతుల సంగతి దాచితే మనవరాలి ప్రశ్నకు అబద్ధం చెప్పినట్టే. ఉదయం దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని రెండు కథలూ చెప్పాను. అంతా విని, "నానీ, మరి ఆయన ఈ దేశానికి హారం ఒక్కటే పంపారా?" అని అడిగింది.

ఆ ప్రశ్న విని మా అల్లుడు నవ్వి, "శుక్రవారం నమాజుకు వోకింగ్ వెళదాం. హైదరాబాదు వేరే ఏం పంపిందో అక్కడ చూద్దురుగాని" అన్నాడు.

వాటర్‌లూ స్టేషనులో రైలెక్కితే వోకింగ్ అరగంట ప్రయాణం. స్టేషను నుంచి ఓరియంటల్ రోడ్డు వెంట నడిచాము. పైన్ చెట్ల మధ్య తెల్లటి గోడలు, ఆకుపచ్చ గుంబదు, బంగారు రంగు నెలవంక. షాజహాన్ మసీదు. 1889లో కట్టారు. మసీదుగా కట్టాలనే తలంపుతో బ్రిటన్‌లో కట్టిన మొట్టమొదటి మసీదు ఇదే. లైట్నర్ అనే పండితుడు పూనుకుంటే, ఖర్చులో పెద్దభాగం భోపాల్ పాలకురాలు షాజహాన్ బేగం భరించారు. ఆమె పేరే మసీదుకు నిలిచింది. ఒక స్త్రీ ఇచ్చిన ధనంతో ఇంగ్లండులో ఈ మసీదు లేచిందని చెప్పగానే మా మనవరాలి ముఖం విప్పారింది.

మసీదు ఎంత చిన్నదో! లోపలి గదిలో కొన్ని పదుల మంది మాత్రమే పడతారు. శుక్రవారం వచ్చే జనానికి పక్కన వేరే హాళ్లు ఏర్పాటు చేశారు. ప్రాంగణంలోనే మరొక ఇల్లుంది. దాని పేరు చదివి ఆగిపోయాను: సర్ సాలార్‌జంగ్ స్మారక భవనం. ముప్పై ఏళ్లు హైదరాబాదు దివానుగా పనిచేసి, 1876లో ఇంగ్లండు చూసి వెళ్లిన సాలార్‌జంగే. ఇక్కడి ఇమాములు చాలాకాలం ఆ ఇంట్లోనే నివసించారు. ఇక్కడికి వచ్చి షహాదా పలికిన ఆంగ్లేయులు ఎందరో.

సాలార్‌జంగ్ అనగానే నాకు మా అమ్మ గుర్తుకువచ్చింది. 2001లో నిజాం నగలను హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. భారత ప్రభుత్వం 1995లో సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నగలవి. అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. గంటల కొద్దీ వరుసలో నిలబడి జేకబ్ వజ్రం చూసి, అమ్మ తన మెడలోని ఆరు తులాల చంద్రహారాన్ని చీరకొంగుతో కప్పుకుంటూ, "ఇంత రాయి మెడలో ఉంటే తల ఎత్తి సలాం కూడా చెప్పలేం కదే" అంది. అక్కడున్నవారంతా నవ్వారు.

నమాజు తరువాత మళ్లీ రైలెక్కి తరువాతి స్టేషనులో దిగాము. బ్రూక్‌వుడ్. 1854 నుంచి ఉన్న విశాలమైన శ్మశానవాటిక అది. ముస్లింలకు ప్రత్యేకమైన భాగం ఉంది. గడ్డి తడిగా ఉంది. వెతకగా వెతకగా ఒక సాదా సమాధి కనిపించింది. మర్మడ్యూక్ పిక్తాల్.

ఆయన లండన్‌లో 1875లో పుట్టిన ఆంగ్లేయుడు. నవలలు రాసి పేరు తెచ్చుకున్నాడు. 1917లో ఇస్లాం స్వీకరించినట్టు బహిరంగంగా ప్రకటించాడు. 1925లో హైదరాబాదు వచ్చి చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యాడు. 'ఇస్లామిక్ కల్చర్' అనే త్రైమాసిక పత్రికకు సంపాదకత్వం వహించాడు. దివ్యఖుర్‌ఆన్ భావాన్ని ఇంగ్లీషులోకి తేవాలన్న ఆయన కోరిక తెలిసి, నిజాం ప్రభుత్వం రెండేళ్లు పూర్తి జీతంతో సెలవిచ్చింది. ఆయన ఈజిప్టు వెళ్లి అక్కడి పండితులతో చర్చించి పని ముగించాడు. 1930లో పుస్తకం వెలువడింది. ఇంగ్లీషు మాతృభాషగా గల ముస్లిం ఒకరు చేసిన తొలి అనువాదమది. 1936లో ఆయన కన్నుమూశాడు.

మా నాన్నగారు బడిపంతులు. ఆయన పుస్తకాల అరలో అట్ట చిరిగిన ఆ అనువాదం ఉండేది. ఫజ్ర్ తరువాత అరబీ చదివి, అర్థం కోసం దాన్ని తెరిచేవారు. ఇప్పుడు ఆ ప్రతి మా అమ్మాయి దగ్గర ఈ లండన్ ఇంట్లోనే ఉంది. సమాధి ముందు నిలబడి దుఆ చేస్తున్నప్పుడు ఆ సంగతి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. హైదరాబాదు ఖజానా నుంచి బయలుదేరిన డబ్బే అదీ ఇదీ. ఒకటి వజ్రమై పెట్టెలో ఉంది, కొన్నేళ్లకొకసారి ఒక రాత్రి బయటికి వస్తుంది. రెండోది ఒక మనిషి రెండేళ్ల జీతమై, పుస్తకమై, సత్తెనపల్లిలో ఒక బడిపంతులు చేతికి చేరి, అక్కడి నుంచి మళ్లీ లండన్ వచ్చింది. సదఖా జారియా అన్న మాటకు అర్థం నాకు ఇంత దగ్గరగా ఎన్నడూ కనిపించలేదు. రైతు చెమటకు ఏ మూలనో ఇలాంటి ప్రతిఫలమైనా దక్కిందని మనసుకు ఊరట కలిగింది.

తిరుగు రైల్లో మనవరాలు నా భుజం మీద తల వాల్చి ఫోనులో ఏదో చదువుతూ, "నానీ, 2022లో ఎలిజబెత్ రాణి చనిపోయాక ఆ నగలన్నీ ఎవరికి పోయాయి?" అంది. మా అమ్మాయి చెప్పింది: రాజకుటుంబపు వీలునామాలను మూసి ఉంచుతారు, పైవారికి చూపరు. రాణికి నలుగురు బిడ్డలు. కాని రాజు నుంచి తరువాతి రాజుకు నేరుగా సంక్రమించే ఆస్తి మీద వారసత్వపు పన్ను లేదు. 1993 నుంచి అదే ఏర్పాటు. ఆస్తి చెదిరిపోకుండా ఒకరి దగ్గరే ఉంటుందన్నమాట.

"మిగతా పిల్లలకు బాధ ఉండదా?" అని మనవరాలు అడిగింది.

ఆ ప్రశ్న సూటిగా వచ్చి నాకే తగిలింది.

అమ్మ పోయి మూడేళ్లయింది. ఆ చంద్రహారం నా బ్యాంకు లాకరులో ఉంది. చివరి జబ్బులో మంచం మీద ఉండగా అమ్మ, "పెద్దదానివి, హారం నువ్వుంచుకో" అంది. నేనూ ఉంచుకున్నాను. నాకొక చెల్లెలు, ఒక తమ్ముడు. వారు ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి సమ్మతమే అనుకున్నాను. ఏటా రంజాన్‌లో హారం తూకం చూసి రెండున్నర శాతం చొప్పున జకాత్ చెల్లిస్తూ వచ్చాను. నా లెక్క సరిగ్గా ఉందని తృప్తిపడ్డాను కూడా.

వారసులలో ఒకరికి ప్రత్యేకంగా చేసిన వసీయత్, తక్కిన వారసులు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే చెల్లుతుంది. మరణశయ్య మీద ఇచ్చిన కానుకకూ అదే నియమమని ధర్మపండితులు చెబుతారు. ఇది నాకు తెలియనిది కాదు. తమ్ముడికి సగం, చెల్లెలికి పావు, నాకు పావు. అంటే ఆరు తులాలలో నాది ఒకటిన్నర. మిగిలిన నాలుగున్నర తులాలూ మూడేళ్లుగా నా దగ్గర ఎరువు సొమ్ము. పెద్దక్క మాట కాదనలేక ఊరుకోవడం వేరు, సంతోషంగా ఒప్పుకోవడం వేరు. ఆ తేడా అడిగి తెలుసుకోవలసినదాన్ని నేనే. కోహినూర్ ముందు నిలబడి పదేళ్ల పిల్లవాని సంతకం చెల్లదని మనసులో తీర్పు చెప్పినదాన్ని, నోరెత్తని చెల్లెలి మౌనాన్ని సంతకంగా ఎలా తీసుకున్నాను?

ఆ చెల్లెలి కూతురే నిఖాకు మెరుపురాళ్ల హారం చాలునని రాసింది. అమ్మమ్మ చంద్రహారం సంగతి దానికి తెలియదా? తెలుసు. చిన్నప్పుడు అమ్మ ఒడిలో కూర్చుని ఆ హారం కొనను నోట్లో పెట్టుకునేది.

ఇంటికి చేరేసరికి ఇషా వేళయింది. గుంటూరులో తెల్లవారుజామయ్యే వరకు ఆగి, ముందు తమ్ముడికి ఫోను చేశాను. వాడు విని, "ఇప్పుడెందుకక్కా ఇవన్నీ" అన్నాడు. ఎందుకో చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, తన వాటా మేనకోడలి నిఖాకు ఇస్తానన్నాడు. తరువాత చెల్లెలికి చేశాను. చంద్రహారంలో తన పావు, తమ్ముడి సగం కలిపి పంపుతున్నానని, నా పావు పెద్దఖాలాగా నా కానుక అని చెప్పాను. అది చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి, "అక్కా, అమ్మ పోయిన రోజు నుంచి ఒక్కసారి దాన్ని చేత్తో పట్టుకుని చూడాలని ఉండేది. అడగడానికి నోరు రాలేదు" అంది.

మూడేళ్లు. అడగడానికి నోరు రాలేదు.

మర్నాడు ఉదయం మా చెల్లెలి కూతురి నుంచి మళ్లీ సందేశం వచ్చింది: "పెద్దఖాలా, తెల్లరాళ్ల హారం వద్దని కంసాలికి చెప్పేశాను. అమ్మ నిన్నటి నుంచి ఏడుస్తూ నవ్వుతోంది. ఇంతకీ నిజాం హారం దగ్గరగా చూశారా లేదా?"

"లేదు బిడ్డా, చూడలేదు" అని రాశాను.